శవం వేషం

జ్వరమని సెలవు పెట్టి సీరియల్లో శవం వేషం వేసొచ్చిన గుమస్తా, మేనేజరు పిలవగానే బిక్కుబిక్కుమంటూ గదిలోకి వెళ్ళాడు.

"నిన్న టీవీలో చచ్చి పడున్నది నువ్వేగా?"

"నేనే సార్. నటనంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి సార్."

"మరి శవం ఊపిరి పీలుస్తుందటయ్యా? పొట్ట లేచి పడుతుంటే మా ఆవిడ ఇట్టే పట్టేసింది!"

"రెండు నిమిషాల సీను సార్. బిగబట్టలేకపోయాను."

"ఇక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటావు, అక్కడ రెండు నిమిషాలు ఉండలేకపోయావా?"

"ఉద్యోగం తీసేస్తారా సార్?"

మేనేజరు లేచి తలుపు గడియ పెట్టాడు.

"నిన్ను తీసేస్తే నన్నక్కడికి ఎవడు తీసుకెళ్తాడు? నీ మీద పడి ఏడ్చినవాడికి ఏడవడమే రాదు. బల్ల మీద పడుకో, నేను ఏడ్చి చూపిస్తాను. ఊపిరి మాత్రం పీల్చావో, ఊరుకోను!"