అయిదున్నర రోజుల గీత

గద్వాల, 1938. దూరపు పట్నంలోని ఒక నక్షత్రశాలలో కురుమూర్తి, తిమ్మప్ప కలిసి పనిచేశారు. చుక్కల వెలుగును గాజుపలకల మీదికి పట్టి, అందులో పడే గీతలను కొలవడం వాళ్ల పని. ఒక్కో గీత ఆ చుక్కలోని ఒక్కో మూలకానికి గుర్తు. తిమ్మప్పను తీసేసిన నాలుగేళ్లకు కురుమూర్తి అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

“ఆ గీత ఉన్నదన్నా.”

“ఏ గీత?”

“తెల్లచుక్కల నువ్వు సూసిన యూరోపియం గీత. సోమారం పలకల ఉన్నదంటివి. గురువారం పలకల లేకపాయె. దొంగరాతలని పెద్దసారు నిన్ను తీసేసె.”

“పాత ముచ్చట. జర నీళ్లు తాగు.”

“తాగుత గని ఇను. అసుంటి చుక్కలు శానా ఉన్నయంట. కొన్నిట్ల మాంగనీసు గీతలు ఎక్కువ, కొన్నిట్ల సిలికాను, కొన్నిట్ల స్ట్రాన్షియం. కడమ చుక్కల తీరు ఉండవు.”

“పైన గూడ తిక్కలోళ్లున్నరన్నట్టు.”

“నవ్వకన్నా. నీ చుక్క తిరుగుతాంటే యూరోపియం గీత ముదురుతది, మల్ల సన్నబడతది. అది సన్నబడ్డప్పుడు క్రోమియం గీత ముదురుతది. అయిదున్నర రోజులకొక సుట్టు. విలాయత్ పత్రికల వచ్చింది.”

“అంటే సోమారం ఉన్నది నిజమే, గురువారం లేంది నిజమే.”

“రెండూ నిజమే.”

“మరి శనివారం పలక? అది సారు నీతోనే సూపిచ్చె గద. గీత లేదంటివి.”

“వదినేది? కానొస్తలేదు.”

“కురుమూర్తీ. శనివారం పలక.”

“ఉండెనన్నా. మల్ల వచ్చింది, ముదురుగ. ఇద్దర్ల ఒకన్నే ఉంచుకుంటమన్నరు గద... లేదని చెప్పిన. సారు మల్ల సూస్తడేమోనని పలక పలగ్గొట్టిన. చెయ్యి జారిందన్న.”

“పిల్లలు మంచిగున్నరా?”

“తిట్టన్నా. ఒక్క మాటన్న తిట్టు.”

“తిట్టి ఏంజేస్త. మగ్గాల కాడ పోగులు లెక్కవెట్టే పని దొరికింది. నేను లెక్కవెట్టినంక ఇంకొకనితోని సూపిస్త. నా కండ్లను నేను నమ్మ.”

“నీ కండ్లు మంచిగనే ఉన్నయన్నా! సారుకు అంత చెప్పేసిన. నన్ను పొమ్మన్నడు. నీ కొలువు నీకిస్తమన్నడు. గని సాక్ష్యం గావాలంటుండు. పాత పలకలు కడిగి గాజు మల్ల వాడిన్రు. ఇగ నీ కొలతల బుక్కొక్కటే.”

“ముందుగాల రొట్టె తిను.”

“బుక్కేదన్నా?”

“ఏడనో ఉంటది.”

“వదినా! అన్న కొలతల బుక్కు ఉన్నదా?”

“సందుగల ఉన్నది, తెస్త. నాలుగేండ్ల సంది పారెయ్యనియ్యడు, తెరవనియ్యడు. ఇగో, కురుమూర్తీ.”

“ఇయ్యకు జములమ్మా!”

“అన్నా, ఇదేంది? ఆ గీత కొలతలన్ని సిరాతోని కొట్టేసి ఉన్నయ్. ఒక్క అంకె గూడ కానొస్తలేదు.”

“మూసెయ్.”

“కింద ఏందో రాసినవ్.”

“సదవకు తమ్మీ.”

“‘ఈ గీత లేదు. కురుమూర్తి చూసి లేదన్నాడు. వాడు నాతో అబద్ధమాడడు. నా కన్నే తప్పు.’”