బుట్ట ఎటుంది?

సౌదీలోని ధహ్రాన్‌లో ఒక పార్కు. శుక్రవారం, ఎండ దిగిన వేళ. నమ్రత, అనురాగ్ దంపతులు డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నారు. ప్లాస్టిక్ పళ్ళెం లాంటి డిస్కును విసిరి, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో పడెయ్యడమే ఆట. పదకొండేళ్ళ కూతురు చరిత తన స్నేహితురాలు ఆయేషాతో కలిసి ముందుకు వెళ్ళిపోయింది.

"దొరికిందా, అనురాగ్?"

"లేదు. ఈ గడ్డిలోనే ఎక్కడో పడింది."

"ఎక్కడో ఏంటి? నీ కాలి పక్కనే ఉంది."

"ఎటు?"

"ఎడమ పక్క. ఎడమ... అయ్యో, తొక్కేశావు!"

"గడ్డిలో కలిసిపోయింది నమ్రతా. ఆకుపచ్చది కొనొద్దంటే వినవు."

"అది ఆరెంజ్ డిస్కు."

"సరే. నీ వంతు, వెయ్యి."

"చూడకుండానే ఆకుపచ్చ అన్నావు. ఎందుకు?"

"వెయ్యి నమ్రతా. వెనక వాళ్ళు ఆగిపోయారు."

"వెనక ఎవరున్నారు? ఒక్కరు లేరు."

"అయితే నేనే వేస్తాను."

"బుట్ట ఎటుందో చూపించు."

"ఏంటిది, చిన్నపిల్లాడికి పరీక్షా?"

"చూపించు."

"అక్కడ."

"అది చెత్తడబ్బా."

"ఇంటికి పోదాం పద. తలనొప్పిగా ఉంది."

"కదలను. మొన్న ఆయేషా వాళ్ళ నాన్న, ఇష్తియాక్ భాయ్, షేక్‌హ్యాండ్‌కి చెయ్యి చాపితే పట్టించుకోకుండా నిలబడ్డావు. వాళ్ళావిడ ఉమేరా ఫోన్ చేసి అడిగింది, మావల్ల ఏమైనా తప్పు జరిగిందా అని. సిగ్గుతో చచ్చాను. నీకు పొగరెక్కిందనుకున్నాను."

"పొగరే అనుకో."

"అనురాగ్!"

"ఆ చెయ్యి నాకు కనపళ్ళేదు."

"అంటే?"

"మొహం కనిపించింది. నవ్వుతున్నాడు. కింద చాపిన చెయ్యి కనపళ్ళేదు. గొట్టంలోంచి చూసినట్టుంటుంది. ఎటు చూస్తే అదొక్కటే. చుట్టూ ఏమీ ఉండదు."

"రేపే కంటి డాక్టరు దగ్గరికి..."

"వెళ్ళొచ్చాను."

"నాకు చెప్పకుండానా? ఏమన్నారు?"

"కంటి లోపలి పొర పాడైపోతోందట. అంచుల్నుంచి మొదలై మధ్యకొస్తుందట."

"ఆపరేషన్ చేస్తారా?"

"లేదు."

"మందులు? ఇంజెక్షన్లు?"

"నాకు పనికొచ్చేవి లేవట."

"హైదరాబాద్ పోదాం. అక్కడ పెద్దపెద్ద..."

"రిపోర్టులు అక్కడికీ పంపించాను. అదే మాట."

"మరేం చెయ్యమన్నారు?"

"ఎండలో నల్లద్దాలు పెట్టుకోమన్నారు. మళ్ళీ వచ్చి చూపించుకోమన్నారు."

"అంతేనా?"

"అంతే."

"ప్లాంటులో టవర్లెక్కుతావు కదా నువ్వు! ఆ ఇనప మెట్లు..."

"ఎక్కుతూనే ఉన్నాను. రెయిలింగ్ తడుముకుంటూ."

"రేపట్నుంచి ఎక్కనని చెప్పెయ్."

"ఎందుకంటారు. మెడికల్‌కి పంపుతారు. ఆ తర్వాత ఫైనల్ ఎగ్జిట్ కొట్టి దేశం నుంచి పంపేస్తారు. మన ముగ్గురూ ఇక్కడ ఉండడానికిచ్చిన ఇఖామా నా ఉద్యోగం మీదే కదా."

"పోతే పోనీ. ఊరెళ్ళి బతకలేమా?"

"వెళ్ళి ఏం చెయ్యను? అక్కడ మాత్రం ఈ కళ్ళకి ఎవరిస్తారు ఉద్యోగం?"

"నాకు తెలీదు. నాకేం తెలీదు. ముందు కారు తాళాలు ఇటివ్వు."

"తీసుకో."

"చరితని స్కూలు నుంచి నువ్వే తెస్తున్నావు!"

"మధ్యాహ్నం పర్లేదు. వెలుగు తగ్గితేనే... ఇప్పుడు నీ మొహం కూడా మసగ్గానే ఉంది."

"ఇంత వెలుగుంటేనా? ఇంకా పొద్దుగూకాక వినిపించే మగ్రిబ్ అజాన్ కూడా కాలేదు."

"అందుకే క్రికెట్ మానేశాను. బంతి మీదకొస్తుంది. ఇదైతే నా చేతిలోంచి వెళ్ళిపోతుంది. బుట్టలో పడితే గొలుసులు మోగుతాయి. మోగకపోతే నువ్వెలాగూ తిడతావు."

"నవ్వకు. నవ్వించకు. అసలిదెలా వచ్చింది నీకు?"

"మా నాన్న పొద్దుగూకితే గడప దాటేవాడు కాదు. పిరికితనం అనుకునేవాళ్ళం. రేచీకటి అయ్యుంటుంది. ఈ జబ్బు అలాగే మొదలవుతుందట."

"అంటే వంశంలో వస్తుందా?"

"రావచ్చట."

"చరితకి?"

"చలిగాలి మొదలైంది. దానికి స్వెట్టర్ తెచ్చావా?"

"చరితకి, అనురాగ్?"

"దాన్నీ తీసుకురమ్మంది డాక్టరు."

"తీసుకెళ్ళావా?"

"తీసుకెళ్తే? ఉందంటే? నాకు చెప్పిన నల్లద్దాలే దానికీ చెప్తారు. ఆ మాట విని నేనేం చెయ్యను నమ్రతా? ఏం చెయ్యగలను?"

"లేదంటారేమో కదా! లేదనే అంటారు. అది డిస్కు ఎంత గురిగా వేస్తుందో చూశావుగా. దానికేం లేదు. దానికేమీ లేదు."

"అవును. లేదు."

"ఆదివారం నేనే తీసుకెళ్తా. ఏడవకు. పిల్లలొస్తున్నారు, మొహం తుడుచుకో."

"ఎటునుంచి?"

"ఎదురుగానే. చరితా! ఆట అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా. నేనే గెలిచా!"

"ఆయేషా, దాని చెయ్యి అలా పట్టుకున్నావేంటమ్మా? కాలు బెణికిందా?"

"ఏం లేదమ్మా. ఆయేషా, నువ్వు చెప్పకు!"

"బెణకలేదాంటీ. వెలుగు తగ్గితే చరితకి దారి కనపడదు కదా, ఎప్పుడూ నేనే ఇలా పట్టుకుని తీసుకొస్తా."