దాలినాయుడి గొయ్యి, దాలినాయుడి ఊట

దాలినాయుడికి తన కన్నూ తన ముక్కూ తప్పితే ఎవలి మాటా నమ్మకం లేదంట. మట్టి వాసన సూసి ఏ పంట పండుతాదో సెప్పీగలనని మీసం దువ్వీవోడు. అలాటోడు పెళ్ళాం పారమ్మనీ, కొడుకునీ, కోడల్నీ, మూడేళ్ళ మనవరాల్నీ ఓడెక్కించుకోని నిప్పుకొండ దీవికెల్లి భూమి కొన్నాడు. ఆ కొండ ఎప్పుడో ముత్తాతల కాలంలో నిప్పు కక్కిందంట. కక్కిందేమో పైన ఆరి రాయైపోనాది, లోపలున్నది కారిపోనాది, అడుగున గొట్టాల్లాగ బొక్కలుండిపోనాయి. పైకి సూత్తే ఏటుంది? పచ్చగడ్డి. మరి మన నాయుడు సూసింది పైకే కదా!

ఆ భూమి అమ్మీ ఆసామి నవ్వుమొగపోడు. ముందు పెరట్లోకి తీసికెల్లి, ఇదిగో నాయుడూ, ఈ దొడ్డిగొయ్యి మా తాత తవ్వించినాడు, అరవై ఏళ్ళనించి ఇంటిల్లిపాదీ ఇందులోకే ఎల్తన్నాం, కడిగిన నీళ్ళూ ఇందులోకే, ఒక్కపాలైనా నిండలేదు సూడు అన్నాడంట. తరవాత పల్లంలోకి దింపి, రాతిబొక్కలోంచి కారతన్న ఊట సూపించినాడు. నాయుడు దోసిలి పట్టి తాగి, అబ్బ, ఎంత తీపి, తమరూ తాగండి అంటే, నాకు జలుబు బావూ అన్నాడంట ఆసామి. ఎండాకాలంలో జలుబు! పారమ్మ కాలు తాటించి సూసింది. కింద డోలు మోగినట్టు మోగింది. "మావా, అడుగున ఏటుందో అడుగు" అంది. "నువ్వూరుకోయే! గొయ్యి నిండదు, ఊట ఎండదు, ఇంకేటి గావాల నీకు?" అని కసిరీసి కొనీసినాడు.

కొన్నోడు కొన్నట్టుండొచ్చు కదా. ఊట సుట్టూ ముళ్ళకంచె కట్టీసినాడు. కొండమీద తవిటమ్మని ఒక ముసిల్దుంది, ఆవిడొచ్చి ఒక్క కడవ నీళ్ళు పట్టుకుంటాను నాయినా అంటే, నా ఊట, నా ఇష్టం, పో అన్నాడంట. పాపం ఆవిడ రోజూ సముద్రపొడ్డు నూతికి దిగి మోసుకునీది. ఇక్కడ ఏమైందంటే, నాయుడింట్లో అందరికీ ఇరేచనాలు పట్టుకున్నాయి. పెద్దోళ్ళు ఎలాగో ఓర్సుకున్నారు గానీ, ఆ మనవరాలు గుంట ఉందే, దానికి కళ్ళు లోతుకి పోనాయి, ఏడవడానిక్కూడా ఓపిక లేదు. సెప్తంటే నాకే గుండె తరుక్కుపోతంది.

అప్పుడు నాయుడు ఏం సేసినాడనుకున్నారు? తిన్నగా దీవి పెద్దల దగ్గిరికెల్లి, కొండమీదోళ్ళు ఆళ్ళ గోతులు నా ఊటలో కలిపేత్తన్నారు, నా మనవరాల్ని సంపేత్తన్నారు, తవిటమ్మ గోతిలో పసుపు పోయించండి, నా ఊటలో పసుపొచ్చిందా, ఆల్ని దీవిలోంచి ఎల్లగొట్టాల అన్నాడంట. తవిటమ్మ అంది కదా, పోయండి, నాకేటి భయం, అయితే ఆయన గోతిలో కూడా కుంకం పోయండి అంది. నాయుడు పగలబడి నవ్వినాడంట. "నా గొయ్యా? దాన్లో నీళ్ళెక్కడుంటాయే? అది నిండనే నిండదు!" ఆ మాటకి ఆడోళ్ళంతా నోట్లో కొంగులు కుక్కుకున్నారు. మీరూ నవ్వుతన్నారు. ఆయనకి మాత్రం ఇంకా తట్టలేదు.

పొద్దున్న ఆవిడ గోతిలో పసుపూ, ఈయన గోతిలో కుంకం పోసినారు. దీవంతా ఊట దగ్గర కూకుంది. మద్దేనం దాకా సూసినారు, పసుపు లేదు. పొద్దు వాలతంటే ఎర్రగా సన్నటి సార వొచ్చింది. ఇంకాసేపటికి ఊటంతా ఎరుపే. నాయుడి మొగం పాలిపోనాది. కానీ ఊరుకుంటాడా? రెండు సేతులూ ఎత్తి దండవెట్టీసి, "అమ్మోరు! నా భూమిలో అమ్మోరెలిసింది! ఇది తీర్తం!" అని అరిసినాడంట. సూడండి మనిషి బుర్ర ఎంత బేగి తిరుగుతాదో! ఇద్దరు ముగ్గురు లెంపలు కూడా వాయించుకున్నారు.

పారమ్మ సంకలో గుంటని ఏసుకోనే ఒంగి సెంబు ముంచింది. "తీర్తం కదా మావా, ముందు నువ్వు తాగు. నువ్వు తాగితే దీనికీ పోత్తాను" అని సేతిలో ఎట్టింది. అందరూ సూత్తన్నారు. పరువు కదా, నాయుడు సెంబు ఎత్తినాడు, పెదాల దాకా తెచ్చినాడు. అప్పుడా గుంట సెయ్యి సాపి, "తాతా, నీళ్ళు" అంది. అంతే. సెంబు బోర్లించీసినాడు. "వొద్దే తల్లీ, తాగొద్దు. అవి మన దొడ్డినీళ్ళేనే" అన్నాడంట, అంతమందిలో, వలవలా ఏడిసీసి.

తవిటమ్మ తన కడవలోంచి గుంటకి నీళ్ళు పట్టింది. గుంట బతికింది, నాకు తెలుసు మీరదే అడుగుతారని. నాయుడు కంచె పీకీసి, గొయ్యి తనే పూడ్సి, కడవెత్తుకోని ఒడ్డు నూతికి తవిటమ్మ ఎనకాల నడిసినాడంట. మరి ఆ దీవిలో ఇప్పుడు భూమి కొనాలంటే ముందు కుంకం పొట్లం తెచ్చుకోమంటారంట. మనూళ్ళో అలా అడిగితే కొట్టడానికొత్తారు. మొన్న మన పెసిడెంటుగోరిని అడిగినాను, తమరి మేడలో మరుగుదొడ్డి నీళ్ళు ఎటెల్తన్నాయి బావూ అని. ఆయన నాతో మాటాడ్డం మానీసినారు.