పక్క కాగితం

రాయపూర్, గుఢియారీలో ఒక రక్తపరీక్షల ల్యాబు. రిపోర్టుల కోసం వచ్చిన రైల్వే ట్రాక్‌మన్ చొక్కా మీద రక్తం చూసి, ల్యాబు మేడం కాగితాలు ఇవ్వకుండా ఆగిపోయింది.

“ఆ రక్తం ఎవరిది?”

“మా ఇంటిదానిదండి. కర్ర తలకి తగిలింది. ఆస్పత్రిలో కుట్లేస్తన్నారు.”

“ఎందుకు కొట్టావు?”

“పిల్లకి సిక్లింగంట, రక్తం జబ్బు. ఎముకలు నొప్పని రోజూ ఏడుస్తాది. ఆ పాడు రక్తం దీని పుట్టింటోలదే. మా వంశంలో ఎవులికీ నేదు.”

“మీ ముగ్గురి రక్తంలో హిమోగ్లోబిన్ ప్రోటీన్‌ని విడదీసి చూశాం. అది కాగితం మీద గీతలుగా పడుతుంది. మీ ఆవిడ కాగితంలో ఒకటి మంచి గీత, ఒకటి చెడ్డ గీత.”

“నాన్జెప్పినాను కదా!”

“పక్క కాగితం చూడు. అందులోనూ అవే రెండు గీతలు.”

“అదెవులిది? దాని తమ్ముడిదా?”

“నీది.”

“గలత్! నాకు జొరం కూడా రాదు.”

“ఒక్కటే చెడ్డదైతే ఒంట్లో ఏమీ తెలియదు. తల్లీ తండ్రీ చెరొకటి ఇస్తేనే పిల్లకి జబ్బు. నువ్వూ ఇచ్చావు.”

“మరి నాకెవులిచ్చినారు?”

“మీ అమ్మో, నాన్నో. అందులో ఎవరి తప్పూ లేదు.”

“దాన్ని కొట్టమని కర్ర అందించింది మా అమ్మేనండి.”

“అయితే?”

“ఇప్పుడెవుల్ని కొట్టాల? కర్ర ఇంకా ఇంట్లోనే ఉంది.”