రాఘవయ్య గారి రెండు సీట్ల బండి

రాఘవయ్య గారి సంగతా? నీకెవరు చెప్పారమ్మా ఆయన పేరు? ఆఁ, టీ కొట్టు దగ్గరా. వాళ్ళకేం తెలుసు. "బండి పిచ్చి రాఘవయ్య" అని ఉంటారు. అన్నారా? చూశావా. సరే, కూర్చో, కరెంటు వచ్చేదాకా నాకూ పనేం లేదు. అటు కాదు, ఇటు పక్కకి రా, లేత్ మిషన్ మీద చెయ్యి పెట్టమాక, అంతా గ్రీజే. ఈ షెడ్డుకి యాభై ఏళ్ళొచ్చాయి, నాకు ఎనభై రెండు. ఇందులో కూర్చుని ఆయన గురించి నన్ను అడిగినవాళ్ళే లేరు ఇన్నాళ్ళకీ. అడగరు. ఎవరిక్కావాలి.

వీరరాఘవయ్య అసలు పేరు. మామిడికాయల కమీషన్ కొట్టు వాళ్ళది, నాన్న పెట్టింది. సీజన్ మూడు నెలలూ మనిషి దొరకడు, రసాలనీ బంగినపల్లనీ లారీలకెత్తించటం, అరుపులు, చెమట. మిగిలిన తొమ్మిది నెలలూ గోళ్ళు గిల్లుకోవడమే. అక్కడే వచ్చింది చిక్కంతా. ఎనభైలో మద్రాసుకి కాయ తోలుకెళ్ళాడు. అక్కడ కాయ దించిన గోడౌను వెనకాల చూస్తే, ఓ పాత బండి. ఇంగ్లీషు వాళ్ళ కాలంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, చక్రాలకి సైకిలుకి మల్లే చువ్వలు. ముందు భాగం ఇంత పొడుగు, వెనకాల ఏమీ లేదు. పందాల్లో తోలే బండంట అది ఒకప్పుడు. కోడి గుడ్లు పెట్టుకుంటోంది అందులో, నమ్ముతావా? ఈయన చూశాడు, అంతే, పడిపోయాడు. కాయల కింద పరిచిన వరిగడ్డి ఎటూ లారీలో ఉందిగా, ఆ గడ్డి మీదే బండిని ఎక్కించి నూజివీడు పట్టుకొచ్చేశాడు. పన్నెండు మంది హమాలీలు కాయల గంప దించినంత పదిలంగా దించారు. ఆయన పక్కన నిలబడి "నెమ్మదిరా నాయనా, నెమ్మదిరా" అని ఒకటే గోల. ఊరంతా పోగైంది. కమలమ్మ గారు, అంటే ఆయన భార్య, గుమ్మంలో నిలబడి చూసి, "ఇదేంటండీ, చక్రాలున్న నీళ్ళ తొట్టా?" అంది. ఆయనా నవ్వాడు. అప్పట్లో ఇద్దరూ బాగానే నవ్వుకునేవాళ్ళమ్మా. పిల్లల్లేరు. ఆవిడ మాత్రం చురుకు, మాట పడదు.

ఇంకేముంది. ఇంజను దింపి హాల్లో పెట్టాడు. హాల్లో! వాల్వులు దేవుడి గూటి కింద, కార్బొరేటర్ మంచం మీద. ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెప్పించాడు, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కో మాటా వెతుక్కుంటా చదివేవాడు. మెకానిక్‌ని పెట్టుకోవయ్యా అంటే వినడు. "నా చేత్తో నేను చేసుకోవాలండీ" అనేవాడు. ఏడాది అట్టా నడిచింది. ఓ రోజు కిరసనాయిల్లో నట్లూ బోల్టులూ కడగటానికి గిన్నె కావలసొచ్చి, వంటింట్లోకెళ్ళి చేతికందిన గిన్నె తెచ్చుకున్నాడు. అది ఆవిడ బియ్యం కడుక్కునే గిన్నె. కడిగి మళ్ళీ అక్కడే పెట్టాడు పెద్దమనిషి. మర్నాడు అన్నం నిండా కిరసనాయిలు వాసన. ఆవిడ కంచం అట్టా నెట్టేసి లేచిపోయింది. సాయంత్రానికి పెట్టె సర్దుకుంది. మైలవరంలో పుట్టిల్లు. గుమ్మం దాటుతా వెనక్కి తిరిగి, "ఈ బండి రోడ్డెక్కిన నాడు దాన్నేసుకుని రండి, అందులో కూర్చునే వస్తాను" అంది. కోపంలో అన్న మాటమ్మా అది! ఏ మొగుడైనా రెండు రోజులు చూసి మూడో రోజు బస్సెక్కి వెళ్ళి బతిమాలి తెచ్చుకుంటాడు. ఎంత దూరం మైలవరం? పొద్దున్న వెళితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. ఈయన ఆ మాటని పట్టుకున్నాడు. "మాట అంది కదా రాజూ, బండేసుకునే వెళ్ళాలి. ఉత్త చేతుల్తో వెళితే నవ్వదూ?" అనేవాడు. నన్ను రాజూ అనేవాడు. సువర్ణరాజు అని పూర్తిగా పిలిచింది ఆయన కొట్టులో గుమాస్తానే.

నా దగ్గరికి అప్పుడే మొదలెట్టాడు రావటం. ఎనభై ఒకటి. మా ఆవిడ మగ్దలేనమ్మ పోయిన ఏడు. జ్వరం అని పడుకుంది, నాలుగో రోజుకి లేదు. సరే, ఆ సంగతి వద్దులే. ఓ సాయంత్రం ఈయన చేతిరుమాల్లో మూటగట్టి ఓ అరిగిపోయిన బుష్, ఇరుసు చుట్టూ తొడిగే కట్టు, తెచ్చాడు. "దీనికి జత ఈ దేశంలో దొరకదంట, తయారు చేస్తావా?" అన్నాడు. గన్‌మెటల్ ముక్క తీసుకుని చేసిచ్చా. దాన్ని వేలికి ఉంగరంలా పెట్టుకుని వెలుగులో చూసుకుంటా ఎంత మురిసిపోయాడో. మర్నాటి నుంచి రోజూ నాలుగున్నరకల్లా ఇక్కడ. ఫ్లాస్కుతో టీ, రెండు గ్లాసులు. అవును, రెండు. ఎప్పుడూ మర్చిపోలేదు. అదిగో ఆ కిటికీ పక్కన కూర్చునేవాడు. బండికి ఇవాళ ఏం చేశాడో చెప్పేవాడు. అంబాసిడర్ డైనమో పెట్టాడు, జీపు బ్రేకు సిలిండరు పట్టేట్టు చేశాడు. అట్ట మీద గీసుకుని గాస్కెట్లు తనే కత్తిరించుకున్నాడు. లారీ టార్పాలిన్‌తో పైకప్పు కుట్టించాడు, కావాలంటే మడిచేయొచ్చు. అసలు బండికి లేని సుఖాలన్నీ అమర్చాడు. "సీటు ఇంకాస్త మెత్తగా ఉండాలయ్యా, ఆవిడకి నడుం నొప్పి." "ఇటు పక్క అద్దం ఓ మూర పైకి పెట్టాలి, ఆవిడకి ఎదురుగాలి పడదు." ప్రతిదీ ఆవిడ కోసమే. ఆ రెండో సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదమ్మా. ఎనభై మూడులో ఇంజను మొదటిసారి మాట్లాడింది. బస్టాండు దాకా వెళ్ళొచ్చాడు, నేను వెనకాల సైకిలు మీద. ఇంక మైలవరం వెళ్ళండి అంటే, "ఇంకా పనుంది రాజూ" అన్నాడు.

మైలవరం నుంచి ఆవిడ తమ్ముడు కొట్టు పని మీద వచ్చినప్పుడల్లా, "బావగారూ, బండి ఎంతవరకొచ్చిందని అక్క అడుగుతోందండీ" అనేవాడు. ఈయన పరిగెత్తుకొచ్చేవాడు నా దగ్గరికి. "అడిగిందంట రాజూ! బండి కోసం చూస్తోంది!" ఓరి మహానుభావుడా, బండి కోసం ఎందుకడుగుతుందయ్యా, నీ కోసం అడుగుతోంది! ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలిసింది, ఈయనకి తప్ప. అసలు నాకేమనిపించేదంటే, ఆయనకి భయం. వెళితే రానంటుందేమోనని. బండి కానంత కాలం ఆ జవాబు వినక్కర్లేదు కదా.

సరే, ఎనభై నాలుగు వానాకాలంలో డోరు జారింది. రేకు విప్పి చూస్తే లోపల చెక్క అంతా చివికిపోయి ఉంది. ఆ పాత బళ్ళకి బాడీ లోపల చెక్క ఫ్రేమే ఉంటుంది, పైన రేకు తొడుగు. మొత్తం కొత్తగా చెయ్యాలి. ఆ నెల్లోనే గాలివానకి ఆయన తోటలో ముసలి చిన్నరసం చెట్టు ఒకటి కూలింది. కమలమ్మ గారికి ఆ చెట్టు కాయంటే ప్రాణం, ఇంకో చెట్టుది ముట్టేది కాదు. ఈయనకి ఇంకేం కావాలి! "చూశావా రాజూ, ఆ చెట్టే పడింది. ఆ చెక్కతోనే చేయిస్తా. ఆవిడ ఎక్కి కూర్చున్నాక చెబుతా, ఇది నీ చెట్టేనని." కళ్ళు మెరిసిపోతున్నాయి. వడ్రంగి సాంబయ్య చిన్నవాడు, పనికి కొత్త. చెప్పింది చెప్పినట్టు కోసి అమర్చాడు. కొలతలకి మరలూ బిగింపులూ నేను చేసిచ్చా. పైన ముదురాకుపచ్చ రంగేశాడు. ఎనభై అయిదు శ్రావణంలో ముహూర్తం కూడా పెట్టుకున్నాడు, గురువారం. పంచె ఇస్త్రీ చేయించుకున్నాడు.

బుధవారం పొద్దున బండి తుడుద్దామని వెళితే కింద నేలంతా తెల్లటి పొడి. పిండి రాలినట్టు. డోరు తీస్తే బందుతో సహా చేతిలోకొచ్చింది. లోపల చెక్క నిండా సన్న చిల్లులే, పురుగు తినేసింది. పచ్చి మామిడి చెక్క అంతేనమ్మా, పుచ్చిపోతుంది. పెట్టెలకి పనికొస్తుంది గానీ నిలవదు. టేకు పెట్టాలి. ఆయన ఆ పిండి అరచేతిలోకి తీసుకుని ఇక్కడికొచ్చి నాకు చూపించాడు. గ్లాసుల్లో టీ పోశాడు. మళ్ళీ మొదట్నుంచీ. ఈసారి డిపోలో ఆరిన టేకు లేదు. పచ్చిది దొరకటం, ఆరటం, కోయించటం, మధ్యలో రెండు సీజన్లు. రెండేళ్ళు పట్టింది.

ఎనభై ఏడులో వెళ్ళాడు. ఒక్కడే. బండి ఎక్కడా ఆగలేదు, చుక్క ఆయిలు కూడా కారలేదు, ఆ మాట మాత్రం చెప్పుకోవాలి. మైలవరంలో వాళ్ళ ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. కమలమ్మ గారు మెడలో టేపు వేసుకుని బయటికొచ్చింది. వరండాలో నాలుగు కుట్టు మిషన్లు, ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. ఆవిడ బండి చుట్టూ తిరిగి చూసింది. రంగు మీద చెయ్యి వేసి చూసింది. "ఎక్కమంటారా?" అంది. ఎక్కింది. సెంటరు దాకా వెళ్ళి వెనక్కొచ్చారు. "సీటు మెత్తగా ఉందండీ" అందంట. ఆయన దారి పొడుగునా ఆలోచిస్తానే ఉన్నాడు, పెట్టె తెచ్చుకోమని ఎట్టా అడగాలా అని. ఇంటి ముందు ఆపగానే ఆవిడే దిగి, డోరు నెమ్మదిగా వేసి, చెప్పింది. "రెండేళ్ళ కిందటి దాకా ఈ వీధిలో ఏ బండి ఆగినా లేచి చూసేదాన్నండి. అప్పుడు సైకిలు మీదొచ్చినా వెనకాల ఎక్కి వచ్చేసేదాన్ని. ఇప్పుడు ఈ పిల్లలున్నారు, ఈ పనుంది. అలవాటైపోయింది. మీరు జాగ్రత్తగా వెళ్ళండి." కోపంగా కాదంట. కోపంగా అని ఉంటే బావుండేది అన్నాడు.

నాలుగున్నరకి ఇక్కడున్నాడమ్మా. బండి బయట ఆపి, ఫ్లాస్కు తీసుకుని వచ్చి అక్కడ కూర్చున్నాడు. నేను, "అమ్మగారొచ్చారా అండీ?" అని నవ్వుతా అడిగా. అప్పుడు చెప్పాడు ఇదంతా. చెప్పి, "ఆ మామిడి చెక్క పెట్టకుండా ఉంటే ఎనభై అయిదులోనే వెళ్ళేవాణ్ణి కదా రాజూ. పాపం సాంబయ్యకి తెలియదు, నాకు తెలియదు. మనకెవరికీ తెలియలేదు" అన్నాడు.

నాకు తెలుసమ్మా.

అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ఈ ఊళ్ళో అందరి చెక్కపెట్టెలకీ బిగింపులు చేస్తున్నా, మామిడి చెక్క సంగతి తెలియకుండా ఎట్టా ఉంటుంది? ఆయన ఆ చెట్టు మాట చెప్పిన రోజే నోటిదాకా వచ్చింది, "వద్దండీ, పుచ్చిపోద్ది" అని. అనలేదు. అప్పుడు డిపోలో ఆరిన టేకు ఉంది, అది పెడితే నాలుగు నెలల్లో అయిపోతుంది. అయిపోతే వెళతాడు, ఆవిడొస్తుంది. ఆవిడొస్తే సాయంత్రం పూట ఇక్కడేం పని ఆయనకి? మగ్దలేనమ్మ పోయాక ఈ షెడ్డులో నాతో మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. పొద్దున్నించీ నాలుగున్నర ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ణి, ఆవిడ వీధిలోకి చూసినట్టు. పాడు బుద్ధి. ఒక్క ఏడాది ఉంటే చాలనుకున్నా, అంతే. చెడగొట్టాలని కాదు.

చెప్పానా అంటావా? లేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు వచ్చాడు, రోజూ. ఆ బండికి ఇంకేదో ఒకటి చేస్తానే ఉన్నాడు, ఎవరి కోసమో ఆయనకే తెలియదు. రోజూ ఆ టీ తాగాను. తొంభై ఆరులో ఆసుపత్రిలో పెట్టారు, గుండె. మళ్ళీ ఇంటికి రాలేదు. నేనే ఉన్నా పక్కన. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణి రాజూ" అన్నాడు. ఆ చేతిని అట్టాగే పట్టుకున్నా. అప్పుడైనా...

కరెంటొచ్చినట్టుంది. లే అమ్మా, ఆ స్విచ్ వెయ్యి. పనుంది నాకు.