చక్రాల బూట్ల పరీక్ష

కూర్చో డ్రైవర్ తమ్ముడూ, నీ లారీ లోపలికి పోవడానికి ఇంకో గంట పడుతుంది, ఈలోగా టీ తాగుతూ విను. ఎదురుగా ఉందే ఆ గోడౌన్, అందులో ఇరవై రెండేళ్లుగా నడుస్తున్నాను నేను. మా ఉద్యోగమే నడక. చీటీలో రాసిన సరుకు ఏ అరలో ఉంటే అక్కడికి పోవాలి, తీసి బుట్టలో వేసుకోవాలి, తెచ్చి ప్యాకింగ్ బల్ల మీద పెట్టాలి. ఈ చివరి నుంచి ఆ చివరికి ఎంతుంటుందో వాచ్‌మన్‌ని అడుగు.

— అర కిలోమీటరు ఉంటుంది బాబాయ్.

విన్నావుగా. ఇప్పుడు పైవాళ్లకి మా నడక నచ్చడం లేదు. పోయిన నెల అందరికీ చక్రాల బూట్లు ఇచ్చారు. ఒక్కో బూటు కింద ఒకే వరసలో నాలుగు చక్రాలు, నిలబడదామంటే నిలబడనివ్వవు, కదిలితే ఆగనివ్వవు. నాలుగు వారాలు నేర్చుకోండి, తర్వాత పరీక్ష అన్నారు. బుట్ట పట్టుకుని ఆ చివరికి పోయి ఆరు నిమిషాల్లో తిరిగి రావాలి, పడకూడదు. పడితే ఉద్యోగం పోయినట్టే. నిన్న తొమ్మిది మందిని పంపేశారు. మా పొడుగు మామ, అరవైకి దగ్గర పడ్డవాడు, బూట్లు విప్పుకోబోతే తాళ్లు ముడి పడిపోయాయి, చివరికి కత్తెరతో కోశారు. ఇదిగో, ఈ చెల్లెమ్మకి ఇవాళ మూడింటికి పరీక్ష. పదిహేనేళ్లుగా నాతో పాటే నడుస్తోంది, ఇంట్లో సంపాదించేది తనొక్కతే. పొద్దుటి నుంచి ముద్ద ముట్టలేదు. తనకి కాస్త ధైర్యం రావాలనే చెప్తున్నాను తప్ప గొప్ప కోసం కాదు. గొప్పలు చెప్పుకోవడం నాకసలు గిట్టదు.

మొదటి రోజు అందరూ అరలు పట్టుకుని వేలాడుతుంటే నేను చేతులు కట్టుకుని పది అడుగులు పోయాను. పదంటే పదే, ఎక్కువ చెప్పను. రెండో రోజు వంద. వారం తిరిగేసరికి ఇంట్లో వరండా చాలక మెట్ల మీద సాధన మొదలుపెట్టాను, నాలుగు అంతస్తులు, దిగడం కాదు తమ్ముడూ, ఎక్కడం.

— చక్రాల మీద మెట్లు ఎక్కావా?

ఎక్కాను. కింది ఇంటి టీచరమ్మ తలుపు తీసి చూసి మళ్లీ వేసుకుంది, కావాలంటే పోయి అడుగు. ఇక ఇవాళ పొద్దున్న పరీక్ష. మా సూపర్‌వైజర్‌ని మేం గడియారం అంటాం, మెడలో ఎప్పుడూ అదే వేలాడుతుంటుంది. ఈల వేశాడు. ఆ ఈల నా చెవి దాకా వచ్చేసరికి నేను ఇరవయ్యో అర దగ్గరున్నాను. ముందు పెట్టెలెత్తే బండి, అదే ఫోర్క్‌లిఫ్ట్, పోతోంది, దాటేశాను, దాటిన ఊపుకి దాని డ్రైవర్ టోపీ లేచొచ్చి నా తల మీద కూర్చుంది. ఆ గాలికి అరల్లో డబ్బాలన్నీ అటు మొహం ఉన్నవి ఇటు తిరిగాయి, కరెంటు లేని ఫ్యాన్లు వాటంతటవే తిరిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

— చెప్పు బాబాయ్, వద్దన్నా ఆగవుగా.

సరుకు తెచ్చి బల్ల మీద పెడితే ప్యాకింగ్ వాళ్లు తెల్లమొహం వేశారు. దీనికి చీటీయే ఇంకా రాలేదన్నారు. ఆ కొనేవాడికి ఫోన్ చేస్తే, కొందామా వద్దా అని ఇప్పుడే మా ఆవిడా నేనూ అనుకుంటున్నామండీ, మీకెలా తెలిసిందీ అన్నాడు. మరి మన వేగం అలాంటిది. గడియారం నా దగ్గరికొచ్చి, ముల్లు కదలడానికి టైమివ్వలేదు మీరు, దయచేసి ఇంకో చుట్టు కొట్టండి అని బతిమాలాడు.

సరేలే పాపం అని మళ్లీ బయల్దేరాను. సగం దూరం పోయేసరికి ముందు ఎవడో నడుస్తున్నాడు. బట్టతల, నలిగిన కాలరు, ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నాడు. ఎవడ్రా వీడు పరీక్ష మధ్యలో అని పక్కకి పోయి చూస్తే, నేనే.

— నువ్వే?

నేనే తమ్ముడూ. అంత వేగంగా పోతే కాలం వెనకపడిపోదా మరి. ఇరవై రెండేళ్ల నుంచి నడుస్తున్నవాణ్ణి ఇంకా అక్కడే నడుస్తున్నాను. కాస్త పక్కకి జరుగు ముసలాడా, అన్నాను. జరగలేదు. భుజంతో ఒక్క తోపు తోసి ముందుకొచ్చేశాను. వాడు పడ్డాడో లేచాడో నేను వెనక్కి తిరిగి చూడలేదు. గడియారం పరుగెత్తుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, రేపటి నుంచి అందరికీ మీరే నేర్పాలి అని...

— అన్నయ్యా.

చెప్పు చెల్లెమ్మా. భయం పోయిందా?

— పొద్దున్న నీ పరీక్షప్పుడు నేను రెండో వరసలో ఉన్నాను. మొదటి మలుపు దగ్గరే పడ్డావు. నీ బూట్లు విప్పించి పెట్టెలో వేసుకోవడం కూడా చూశాను. నలుగురి ముందూ అనకూడదనే ఊరుకున్నాను. కానీ ఇంకో గంటలో నా వంతు. ఒక్క నిజం చెప్పు. పడితే ఎలా లేవాలి?

డ్రైవర్ తమ్ముడూ, నన్నలా చూడకు, టీ చల్లారిపోతోంది, తాగు.

మలుపు దగ్గర పసుపు గీత ఉంది కదమ్మా. ఫోర్క్‌లిఫ్ట్ వస్తుందేమో, గీత దగ్గర ఆగి, కుడివైపు చూసి దాటండి అని చేరిన రోజే చెప్పారు మనకి. ఇరవై రెండేళ్లు ఆగాను. ఇవాళ కూడా గీత కనపడగానే కాలు దానంతటదే ఆగింది, చక్రాలు ఆగలేదు. నీ కాలూ ఆగుతుంది, పదిహేనేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది. అందుకని ఆ గీత వంక చూడకు. పరీక్ష అయ్యేదాకా ఫోర్క్‌లిఫ్ట్‌లన్నీ ఆపేశారు, ఏదీ రాదు.

లేవడం ఎలాగంటే, ముందు మోకాళ్ల మీదికి రావాలి, ఒక కాలు ముందుకి పెట్టి, దాని మీద రెండు చేతులూ ఆనించి లేవాలి. నేనలాగే లేచాను. లేచి చూస్తే గడియారం నా వెనకవాణ్ణి రమ్మంటున్నాడు. మోకాలు నేలకి తగిలిందంటే అయిపోయింది, లేచావా లేదా అని ఎవరూ చూడరక్కడ. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది నాకు. మీ వదిన పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు.

వెళ్లు, టైమవుతోంది. పడకమ్మా. నా దగ్గర చెప్పడానికి ఇంకేమీ లేదు.