పీపా మీది రాయి

నిష్ ఊళ్లో ఒక ఆసుపత్రి వ్యాయామశాల. డెబ్బై ఏళ్ల తల్లి బరువుల చక్రాలు తగిలించిన ఇనుప కడ్డీ ముందు నిలబడింది, పక్కనే శిక్షకురాలు వుకిత్సా. గుమ్మంలోంచి కూతురు అరిచింది.

“అమ్మా, ఆగు! ఏడాదిగా కాఫీకని చెప్పి ఇక్కడికా వస్తున్నావు? ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పలేదూ?”

“చెప్పాడు. పద్ధతిగా బరువులెత్తితే గట్టిపడతాయనీ చెప్పాడు. నువ్వు సగమే విన్నావు.”

“మణికట్టు విరిగింది మర్చిపోయావా?”

“మెట్ల మీద జారి విరిగింది, ఎత్తి కాదు. అప్పట్నుంచీ ఊరేసిన క్యాబేజీ పైకి తేలకుండా పీపా మీద రాయి కూడా పెట్టనివ్వట్లేదు నువ్వు.”

“ఇరవై కిలోలమ్మా అది! ఈ ఏడూ నేనే పెడతా.”

“ఇది నలభై. చూడు.”

కడ్డీ తొడల దాకా లేచి, మెల్లగా దిగింది.

“ఇప్పుడు నువ్వెత్తు.”

“ఇదేంటమ్మా, కదలనంటోంది!”

“వుకిత్సా, రేపట్నుంచి మా పిల్లనీ చేర్చుకో. రాయి మాత్రం నాదే.”